భిలాయ్ వాసి ప్రభుత్వంపై దావా వేయాలంటే: 300వ అధికరణ నుంచి సల్వాజుడుం తీర్పు దాకా

భిలాయ్ పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ప్రిలిమ్స్ బిట్టే. రెండో పంచవర్ష ప్రణాళిక, సోవియట్ సహకారం, 1955లో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. రూర్కెలాకు జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్, భిలాయ్‌కి రష్యా అని జతపరచడంతో ఆ ఊరి సంగతి ముగించేస్తాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువుల్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ఈ వ్యాసంలో మాత్రం భిలాయ్‌ని జీఎస్ పేపర్-2 కోణంలో చూద్దాం. ప్రశ్న చిన్నదే. ఆ ఊళ్లో ఉండే మనిషి హక్కును ప్రభుత్వమే కాలరాస్తే, అతడు ప్రభుత్వాన్ని కోర్టుకు లాగి నష్టపరిహారం తీసుకోగలడా? తీసుకోగలిగితే ఏ చట్టం కింద?

"32వ అధికరణ ఉందిగా" అని వెంటనే అనకండి. 32వ అధికరణ హక్కుల అమలు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు ఇస్తుంది. అందులో నష్టపరిహారం అనే మాట లేదు. ప్రభుత్వంపై దావా గురించి చెప్పేది 300వ అధికరణ. మన నోట్సులో దానికి దక్కేది ఒక్క లైను, అదీ 300-ఏ ఆస్తి హక్కు పక్కన ఉంది కాబట్టి. నిజానికి ఆ ఒక్క అధికరణలో నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1858 భారత ప్రభుత్వ చట్టం 65వ సెక్షన్ దగ్గర మొదలుపెడదాం. కంపెనీ పోయి రాణి పాలన వచ్చినప్పుడు, కంపెనీపై ఏయే దావాలు వేయవచ్చో అవే దావాలు ఇకపై సెక్రటరీ ఆఫ్ స్టేట్‌పై వేయవచ్చని ఆ సెక్షన్ చెప్పింది. ఇంగ్లండులో రాజు తప్పు చేయడన్న సూత్రం నడుస్తున్న కాలమది. ఇక్కడ కంపెనీ ఒక వ్యాపార సంస్థ కాబట్టి దానిపై దావా కుదిరేది. అదే దారి రాణి ప్రభుత్వానికీ అంటుకుంది. వలస పాలనలో మనకు దక్కిన ఒక విచిత్రమైన మేలు ఇది.

మూడేళ్లు తిరగకుండానే దానికి పరీక్ష వచ్చింది. కలకత్తా కిదర్‌పూర్‌లోని ప్రభుత్వ డాక్‌యార్డు పనివాళ్లు పెద్ద ఇనుప సామాను ఒకటి మోసుకుని రోడ్డు దాటుతున్నారు. పి అండ్ ఓ అనే ఓడల కంపెనీ గుర్రపు బండి ఎదురొచ్చింది. పనివాళ్లు కంగారులో ఇనుమును కింద పడేశారు. ఆ చప్పుడుకు గుర్రాలు బెదిరి ఒకదానికి గాయమైంది. కంపెనీ 350 రూపాయల నష్టపరిహారం అడిగింది. 1861లో చీఫ్ జస్టిస్ బార్న్స్ పీకాక్ ప్రభుత్వం చెల్లించాల్సిందేనన్నారు. కాకపోతే వెళ్తూ వెళ్తూ ఒక గీత గీశారు. ప్రైవేటు వ్యక్తి కూడా చేయగల పనిలో తప్పు జరిగితే ప్రభుత్వం బాధ్యత వహించాలి, సార్వభౌమాధికారంతో మాత్రమే చేయగల పనిలో అయితే అక్కర్లేదు. గుర్రం కాలికి తగిలిన దెబ్బ దగ్గర గీసిన ఆ గీత మీద తర్వాత మనుషుల ప్రాణాల కేసులు తూచారు. నాకు ఈ విషయం ఎప్పుడు చదివినా మింగుడుపడదు.

మద్రాసు హైకోర్టు ఆ గీతను ఒప్పుకోలేదు. 1882 నాటి హరి భాంజీ కేసులో, బొంబాయి నుంచి ఓడలో వస్తున్న ఉప్పుపై దారిలో ఉండగానే పెరిగిన సుంకం గురించి తగాదా. ఒక చట్టం పేరు చెప్పి చేసిన పనిని ఆ చట్టం ముందు ప్రశ్నించవచ్చనీ, సార్వభౌమాధికారం అనే మాట అడ్డం పెట్టుకుంటే చాలదనీ మద్రాసు కోర్టు వైఖరి. అప్పటి తెలుగు జిల్లాల్లో చాలా భాగం ఆ కోర్టు కిందే ఉండేవి. అయితే గెలిచింది కలకత్తా గీతే. 1915 చట్టం 32వ సెక్షన్, 1935 చట్టం 176వ సెక్షన్, చివరికి రాజ్యాంగం 300వ అధికరణ, ఒకదాన్నుంచి మరొకటి అదే ఏర్పాటును అందిపుచ్చుకున్నాయి.

అయితే 300వ అధికరణలో ఒక చిన్న షరతు ఉంది, దాని కింద గీత గీసుకోండి. పార్లమెంటు గానీ రాష్ట్ర శాసనసభ గానీ చేసే చట్టానికి లోబడి ఈ పాత ఏర్పాటు కొనసాగుతుందని అది అంటుంది. అంటే ఇది తాత్కాలికం, మీరు కొత్త చట్టం రాసుకోండి అని రాజ్యాంగమే చెప్పినట్టు. ఉమ్మడి జాబితాలో 8వ అంశం కూడా దావాకు తగిన తప్పిదాల గురించే. 1956లో లా కమిషన్ ఇచ్చిన మొట్టమొదటి నివేదికే ఈ అంశంపై. చట్టం కావాలని అది సిఫార్సు చేసింది. 1965లో, మళ్లీ 1967లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. రెండూ చట్టం కాలేదు. ఇవాళ్టికీ కాలేదు.

ఆ మధ్యకాలంలో కోర్టులు ఎటు తిరిగాయో రెండు కేసులు చాలు. ఉదయ్‌పూర్‌లో కలెక్టర్ జీపును రిపేరు చేయించి తీసుకొస్తూ డ్రైవరు ఒకరిని గుద్దేశాడు, ఆయన చనిపోయాడు. 1962 విద్యావతి కేసులో భార్యకు 15,000 రూపాయలు ఇవ్వాలన్న తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది. గణతంత్ర దేశంలో రాజు తప్పు చేయడన్న వాదనకు చోటేముందని అడిగింది. మూడేళ్ల తర్వాత కస్తూరిలాల్ కేసు. 1947 సెప్టెంబరులో అమృత్‌సర్ నుంచి మీరట్ వచ్చిన ఒక బంగారం వ్యాపారిని పోలీసులు అనుమానంతో పట్టుకున్నారు, నూరు తులాలకు పైగా బంగారం, వెండి స్వాధీనం చేసుకున్నారు. మనిషిని వదిలారు, వెండి తిరిగి ఇచ్చారు. బంగారం మాత్రం మాల్‌ఖానా చూసే హెడ్ కానిస్టేబుల్‌తో పాటు పాకిస్తాన్ వెళ్లిపోయింది. పోలీసులు పట్టుకోవడం సార్వభౌమ విధి కాబట్టి ప్రభుత్వం చెల్లించనక్కర్లేదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1965లో చెప్పింది. చీఫ్ జస్టిస్ గజేంద్రగడ్కర్‌కు ఆ ఫలితం నచ్చలేదు, శాసనసభలు చట్టం చేయాలని తీర్పులోనే రాశారు. జీపు గుద్దితే డబ్బు వస్తుంది, పోలీసు దోస్తే రాదు. ఇదీ 1965 నాటికి పరిస్థితి.

ఇప్పుడు భిలాయ్‌కి వద్దాం.

భిలాయ్ ప్లాంటుకు ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. అక్కడ 1977 జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో పదకొండు మంది కార్మికులు చనిపోయారు. ఆ గనుల కార్మికులను సంఘటితం చేసిన శంకర్ గుహా నియోగీ తర్వాత భిలాయ్ చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికుల వైపు వచ్చారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్‌లో నిద్రలో ఉండగా ఆయన్ను కాల్చి చంపారు. మరుసటి ఏడు, 1992 జులై 1న, ఉద్యోగాల్లోంచి తీసేసిన వాళ్లను తిరిగి తీసుకోవాలని కార్మికులు భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాలపై కూర్చున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక పోలీసు అధికారి కూడా చనిపోయారు. రైలు పట్టాలు దిగ్బంధించడం చట్టబద్ధమా కాదా అనేది వేరే చర్చ. చనిపోయిన మనిషి కుటుంబం ఆ రోజు ఎక్కడికి వెళ్లాలి అన్నదే మన ప్రశ్న.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు, మధ్యప్రదేశ్ ఉంది. హైకోర్టు అంటే జబల్‌పూర్. సివిల్ దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కాల్పులు జరిపిన అధికారిపై క్రిమినల్ కేసు నడవాలంటే అప్పటి సీఆర్‌పీసీ 197వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి అడ్డం వస్తుంది (ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 218). దావా దాకా వెళ్లినా ఎదురుగా కస్తూరిలాల్ తీర్పు నిలబడి ఉంది. శాంతిభద్రతల కంటే సార్వభౌమమైన విధి ఇంకేముంటుంది?

ఒక్క కిటికీ మాత్రం తెరుచుకుని ఉంది. బిహార్‌లో రుదుల్ సా అనే ఖైదీని 1968 జూన్‌లో కోర్టు నిర్దోషిగా వదిలింది. జైలు నుంచి బయటికి పంపింది 1982 అక్టోబరులో. పద్నాలుగేళ్లు! 1983లో చీఫ్ జస్టిస్ వై.వి.చంద్రచూడ్ ధర్మాసనం 32వ అధికరణ కిందే, సివిల్ దావా లేకుండానే, మొత్తం 35,000 రూపాయలు ఇప్పించింది. అది పూర్తి పరిహారం కాదు, కావాలంటే విడిగా దావా వేసుకోవచ్చని కూడా అన్నది. ఈ తీర్పు ప్రాముఖ్యం తెలియాలంటే ఇంకో సంగతి తెలియాలి. 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరినప్పుడు భారత్ 9(5) క్లాజుపై మినహాయింపు పెట్టుకుంది. అక్రమంగా నిర్బంధించిన వ్యక్తికి పరిహారం పొందే హక్కు మా న్యాయవ్యవస్థలో లేదు అన్నది దాని సారాంశం. ప్రభుత్వం లేదన్న హక్కును నాలుగేళ్లకు కోర్టు తయారు చేసింది.

ఆ కిటికీ తలుపుగా మారింది భిలాయ్ కాల్పుల తర్వాత తొమ్మిది నెలలకు. మరో ఉక్కు నగరం రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లాలోనే, జరాయికెలా పోలీసు ఔట్‌పోస్టుకు 1987 డిసెంబరు 1న సుమన్ బెహరా అనే 22 ఏళ్ల కుర్రాణ్ని తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల దగ్గర శవం దొరికింది. తప్పించుకుని పారిపోతూ రైలు కింద పడ్డాడని పోలీసుల కథనం. తల్లి నీలాబతి బెహరా సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. దాన్నే రిట్‌గా తీసుకుని 1993 మార్చి 24న లక్షన్నర రూపాయల పరిహారం ఆదేశించారు. జస్టిస్ జె.ఎస్.వర్మ అందులో ఒక తేడా స్పష్టం చేశారు. సివిల్ దావాలో సార్వభౌమ రక్షణ వాదన పనికొస్తే రావచ్చు గానీ, ప్రాథమిక హక్కు ఉల్లంఘనకు 32, 226 అధికరణల కింద ఇచ్చే పరిహారం వేరే జాతి, అక్కడ ఆ వాదనకు చోటు లేదు. మెయిన్స్‌లో ప్రజా చట్ట పరిహారం, ప్రైవేటు చట్ట పరిహారం అనే తేడా అడిగితే మీరు రాయాల్సింది ఇదే.

ఆ తర్వాత రెండు మన కేసులు. 1994లో నాగేంద్రరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్. ఒక వ్యాపారి ఎరువులు, ధాన్యం నిల్వలను 1975లో నిత్యావసర సరుకుల చట్టం కింద సీజ్ చేసి, పాడైపోయేదాకా ఉంచారు. ప్రభుత్వం నష్టం భరించాలన్నది తీర్పు. రెండోది చల్లా రామకృష్ణారెడ్డి కేసు. దీని దగ్గర కాస్త ఆగాలి.

1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు. ఔకు పోలీసు స్టేషన్ కేసులో అరెస్టయిన తండ్రీకొడుకులు ఒకే సెల్లో ఉన్నారు. తమకు ప్రాణాపాయం ఉందని తండ్రి ముందే పోలీసులకు చెప్పుకున్నారు. మే 5 రాత్రి దాటి తెల్లవారుజాము మూడున్నరకు కొందరు జైల్లోకి వచ్చి ఆ సెల్లోకి బాంబులు విసిరారు. కాపలాకు ఉండాల్సినంత మంది పోలీసులు ఆ రాత్రి లేరు. తండ్రి చనిపోయారు, కొడుకు గాయాలతో బయటపడ్డారు. కుటుంబం పది లక్షలకు దావా వేసింది. కింది కోర్టులో ఓడిపోయింది. 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ జీవన్‌రెడ్డి ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసి 1,44,000 రూపాయలు వడ్డీతో ఇవ్వమంది. జీవించే హక్కు చట్టబద్ధమైన పద్ధతిలో తప్ప పోదని రాజ్యాంగం అంటున్నప్పుడు, పాత సార్వభౌమ రక్షణ దానికి మినహాయింపు కాలేదన్నది ఆ తర్కం. నీలాబతి తీర్పుకు నాలుగేళ్ల ముందే, అదీ రిట్‌లో కాకుండా మామూలు సివిల్ దావాలో, మన హైకోర్టు ఆ మాట అన్నది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ, తర్వాతి తీర్పుల వరుస ముందు కస్తూరిలాల్ వెలవెలబోయిందన్నది.

ఇక్కడ చాలామంది జవాబుల్లో దొర్లే పొరపాటు ఒకటుంది. కస్తూరిలాల్‌ను కొట్టేశారని రాయకండి. అది అయిదుగురి ధర్మాసనం, తర్వాతివి చిన్న ధర్మాసనాలు. అది పక్కకు తప్పుకుంది గానీ రద్దు కాలేదు. చట్టసభ రాయాల్సినదాన్ని కోర్టులు ఒక్కో కేసుతో అతుకులు వేసుకుంటూ వస్తే ఇలాగే ఉంటుంది.

చట్టసభ రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వైపు ఒక చూపు చాలు. అక్కడ 1871లో కు క్లక్స్ క్లాన్ దౌర్జన్యాల తర్వాత చేసిన చట్టం (ఇప్పుడు 1983వ సెక్షన్ అంటారు) రాష్ట్రాధికారంతో హక్కులు ఉల్లంఘించిన వ్యక్తిపై దావాకు వీలిచ్చింది. కానీ రాష్ట్రం ఆ చట్టంలోని 'వ్యక్తి' కాదని 1989లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది, అధికారులకేమో 'అర్హత గల రక్షణ' పేరుతో మినహాయింపు పెరిగిపోయింది. 2021లో న్యూ మెక్సికో రాష్ట్రం తనపై తానే చట్టం చేసుకుంది. రాష్ట్ర రాజ్యాంగంలోని హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర కోర్టులోనే ప్రభుత్వ సంస్థపై దావా వేయవచ్చు, ఆ రక్షణ వాదన చెల్లదు, అధికారి జేబు నుంచి కాక సంస్థ చెల్లించాలి, గరిష్ఠం 20 లక్షల డాలర్లు. మన 300వ అధికరణ ప్రకారం ఛత్తీస్‌గఢ్ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ ఇలాంటి ప్రయత్నం చేయవచ్చు. ప్రభుత్వాలు తమపై దావాలకు తామే దారి వేస్తాయా అంటే, 1967 తర్వాతి మౌనమే జవాబు.

భిలాయ్ వాసికి ఇంకో మెలిక ఉంది. టౌన్‌షిప్‌లో క్వార్టరు, నీళ్లు, ఆసుపత్రి చూసేది రాష్ట్ర ప్రభుత్వం కాదు, సెయిల్ అనే కంపెనీ. 1981 నాటి అజయ్ హాసియా పరీక్షల ప్రకారం ఇలాంటి ప్రభుత్వ సంస్థ 12వ అధికరణలోని 'రాజ్యం' కిందికి వస్తుంది, దానిపైనా బిలాస్‌పూర్ హైకోర్టులో రిట్ వేయవచ్చు. 300వ అధికరణ మాత్రం దానికి వర్తించదు, కంపెనీ కంపెనీగానే దావా ఎదుర్కొంటుంది. ఒకే ఊళ్లో రెండు రాజ్యాలు అన్నమాట.

ఇక అసలు పెద్ద కేసు. 2005 జూన్‌లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. గొత్తికోయల గురించి తెలంగాణ అభ్యర్థులు చదివేది ఈ వలస వల్లే. 2007లో సుప్రీంకోర్టులో రిట్ వేసిన వారు ముగ్గురు: నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఇ.ఎ.ఎస్.శర్మ. ఈ మూడో పేరు గుర్తుంచుకోండి. కేంద్రంలో కార్యదర్శిగా, ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన సంక్షేమ కమిషనర్‌గా చేసిన ఐఏఎస్ అధికారి. ఇంటర్వ్యూలో సివిల్ సర్వెంట్ విధేయత ఎవరికి అని అడిగితే, జవాబు వెతుక్కోవడానికి ఆయన జీవితం ఒక మంచి చోటు.

2011 జులై 5న తీర్పు ఇచ్చింది జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్. సుదర్శన్‌రెడ్డి రంగారెడ్డి జిల్లావారు. గత ఏడాదుల ప్రస్తావన ఎందుకంటారేమో, 2025లో ఆయన ఉపరాష్ట్రపతి ఎన్నికలో అభ్యర్థిగా నిలబడినప్పుడు ఈ తీర్పే మళ్లీ రాజకీయ చర్చ అయింది. తీర్పు సారం ఇది. ఐదో తరగతి చదివిన గిరిజన యువకులకు రెండు నెలల శిక్షణతో, నెలకు 3,000 రూపాయలతో తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా మావోయిస్టులపైకి పంపడం 14, 21 అధికరణలకు విరుద్ధం. ఊళ్లవాళ్ల హక్కులకే కాదు, తుపాకి పట్టిన ఆ యువకుల హక్కులకూ భంగం. వాళ్ల నుంచి ఆయుధాలు వెనక్కి తీసుకోవాలి, కేంద్రం నిధులు ఆపాలి. 2011 మార్చిలో మోర్‌పల్లి, తాడ్‌మెట్ల, తిమ్మాపురం ఊళ్లు తగలబడిన ఘటనపై సీబీఐ దర్యాప్తు చేయాలి.

రాష్ట్రం ఏం చేసింది? అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు బలగాల చట్టం తెచ్చి, ఆ యువకులనే కొత్త బలగంలోకి తీసుకుంది. 2012లో కోర్టు ధిక్కార పిటిషన్ పడింది. పదమూడేళ్ల తర్వాత, 2025 మే 15న, జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ దాన్ని ముగించారు. శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదు, ఆ చట్టం చెల్లదనుకుంటే విడిగా సవాలు చేయాలి అన్నారు. అధికారాల విభజన కోణంలో ఇది సరైన మాటే. కానీ పదమూడేళ్లు ఆగాక ఆ మాట విన్నవాళ్ల కోణం ఒకటుంటుంది.

పిటిషన్ వేసిన ముగ్గురూ బస్తర్ వాసులు కారు. ప్రజాప్రయోజన వ్యాజ్యం వల్ల అది అడ్డు కాలేదు. ఆ ఊరి మనిషే కోర్టుకు వెళ్తే ఏమవుతుందో చూడాలంటే, 2007లోనే విడిగా పిటిషన్ వేసిన వారిలో ఒకరైన సీపీఐ నాయకుడు కర్తం జోగా సంగతి చూడాలి. కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగానే 2010 సెప్టెంబరులో ఆయన్ను అరెస్టు చేశారు. 2013 జనవరిలో కోర్టు నిర్దోషి అన్నది. తీర్పు వెలువడిన రోజున పిటిషనర్ జైల్లో ఉన్నారు. 2016 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఏడుగురి నిజనిర్ధారణ బృందం కూడా సుక్మా జైల్లో దాదాపు ఏడు నెలలు ఉంది. 2020లో జాతీయ మానవ హక్కుల కమిషన్ వాళ్లకు తలా లక్ష రూపాయలు ఇవ్వాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి చెప్పింది. నందినీ సుందర్ బృందంపై పెట్టి ఉపసంహరించుకున్న కేసులోనూ అంతే. 1993 చట్టం 18వ సెక్షన్ కింద అది సిఫార్సు, డిక్రీ కాదు. డిక్రీ కావాలంటే మళ్లీ ఆ రెండు నెలల నోటీసు, ఆ సివిల్ కోర్టు, ఆ కస్తూరిలాల్.

ప్రాక్టీస్ ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): "ప్రాథమిక హక్కుల ఉల్లంఘనకు రాజ్యం చెల్లించే పరిహారం భారతదేశంలో హక్కుగా కాక న్యాయస్థానాల విచక్షణగా మిగిలిపోయింది." 300వ అధికరణ నేపథ్యంలో చర్చించండి. జవాబులో కనీసం ఒక ఆంధ్రప్రదేశ్ కేసు, 1965, 1967 బిల్లుల ప్రస్తావన ఉండాలి.